వెనక్కి తిరగని పాదాలు

ఛాయాపురం కనుచూపుమేరలోకి రాగానే గండయ్య గుర్రం దిగి నేలమీద సాష్టాంగపడ్డాడు. అది భక్తి కాదు, నడుము నొప్పి.

ఆ మాటకొస్తే ఆ ఊరు చూసి ఎవరైనా సాష్టాంగపడవలసిందే. రెండు నల్లకొండల నడుమ స్వర్ణరేణువనే నది వయ్యారంగా మలుపు తిరిగినచోట, తెల్లని ఇసుకతిన్నెల మీద వందలాది వెదురుచట్రాలు నిలబెట్టి ఉన్నాయి. ఒక్కొక్క చట్రానికి ఒక్కొక్క మేకతోలు. వెలుతురు కనబడేంత పలచగా గీకి, రంగులు వేసి, నలువైపులా బిగించి ఆరబెట్టారు. ఉదయపుటెండ వాటిలోంచి దూరి అవతల ఇసుక మీద పడుతుంటే ఎర్రని కిరీటాలూ, ఆకుపచ్చని గుర్రాలూ, నీలిరెక్కల పక్షులూ నేలమీద మెల్లగా ఊగుతున్నాయి. ఇక వాసన సంగతి వర్ణించేవాళ్ళెవరూ చెప్పరు కనుక మేమే చెబుతున్నాం. ఆ ఊళ్ళోకి వెళ్ళేవాళ్ళు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

గండయ్య కట్టుకున్నాడు. వెనకే గుర్రం దిగిన కురంగి కట్టుకోలేదు. ఆ పిల్ల ధ్యాసంతా వీపున ఉన్న బట్టచుట్ట మీదే.

కురంగి మణికూట రాజ్యంలో పటచిత్రకారుల దగ్గర కుంచె పట్టడం నేర్చుకుంటున్న శిష్యురాలు. గండయ్య ఆ దేశపు యువరాజు అరిందముడికి అంగరక్షకుడు. యువరాజు పుట్టినరోజుకు పటం వేయాలని కురంగి బట్టకు చింతగింజల జిగురు పట్టించి, ఆరబెట్టి, కోటకు తెచ్చిన పూటే వక్రనఖుడనే మాంత్రికుడు వైద్యుడి వేషంలో వచ్చాడు. మూరెడు పొడవున్న తన వంకరగోటితో ఆ బట్టమీద యువరాజు రూపం గీశాడు. గీత పూర్తయిందో లేదో, సభలో నిలబడ్డ అరిందముడు మాయమై బట్టలో తేలాడు. బట్టకు ఎడమ అంచున బయటికి దారి ఉంది. కుడి అంచున నల్లని గుహ ఉంది. యువరాజు బొమ్మ ఆ గుహవైపే నెమ్మదిగా, ఆగకుండా నడుస్తోంది. అందులో కాలు పెట్టాడా, ఇక తిరిగిరాడు. కురంగి బట్టను చుట్టి చంకన పెట్టుకొని కిటికీలోంచి దూకింది. గండయ్య ఆమె వెనకే దూకాడు. నడుము నొప్పి అప్పటినుంచే.

యువరాజు బయటపడే దారి ఒక్కటే. వక్రనఖుడి దగ్గరనుంచి పారిపోయి వచ్చిన శిష్యుడొకడు దాన్ని చెప్పాడు. బట్టమీద ఇంకొక మనిషిని చిత్రిస్తే ఆ మనిషి లోపలికి నడిచివెళ్ళి యువరాజును తీసుకురాగలదు. అయితే ఆ మనిషి ఇంతవరకూ ఏ చిత్రకారుడూ వేయని మనిషి కావాలి. లోకంలో ఉన్న బొమ్మలన్నీ మాంత్రికుడు చూసేశాడు, వాడు చూసిన బొమ్మ వాడికి దాస్యం చేస్తుంది. కురంగి తొందరలో ఆ మాట పెడచెవిన పెట్టింది. తన గురువుగారు వేసే ఖడ్గవీరుణ్ణి మీసం మెలికతో సహా దించేసింది. ఆ వీరుడు లోపలికి వెళ్ళి, యువరాజును మెడపట్టి గుహవైపు ఒక జానెడు తోసి, పొగై పోయాడు.

అప్పటినుంచీ ఆమె చిత్రకారుల ఊళ్ళు పట్టుకొని తిరుగుతోంది. గండయ్యకు ఇది బొత్తిగా నచ్చలేదు.

"రాజ్యం మునిగిపోతుంటే మనం బొమ్మలు చూస్తూ తిరుగుతున్నాం, తల్లీ," అన్నాడు ఇసుకలో కాళ్ళీడుస్తూ. "కత్తి దూయాల్సిన చేత్తో రంగుపిడతలు మోస్తున్నాను."

"నాకు తెలిసిన మనుషులంతా మా గురువుగారి మనుషులే, గండన్నా. నాదంటూ ఒక మనిషి పుట్టాలంటే, వేరేవాళ్ళు మనుషుల్ని ఎలా పుట్టిస్తారో చూడొద్దూ?"

"చూసి మళ్ళీ అదే దించేస్తే?"

"ఈసారి దించను. వాళ్ళు వేసిన బొమ్మ అడగడం లేదు నేను. వెయ్యబోయే ముందు ఏం ఆలోచిస్తారో అడుగుతున్నాను."

అంతకుముందు శిలాముఖమనే ఊళ్ళో గోడలమీద చిత్రాలు వేసే ముసలాయన, "ముందు పాదాలు వెయ్యి. నిలబడలేనివాడికి ముఖమెందుకు?" అన్నాడు. వేత్రవనంలో కొయ్యముఖాలు చెక్కే ఆయన ఒక్క ముఖమూ చూపించకపోగా, "నీ బొమ్మకు కోపం ఎప్పుడొస్తుంది?" అని ఎదురు ప్రశ్న వేశాడు.  కురంగి గురువుగారి బొమ్మలకు కోపం ఎప్పుడూ యుద్ధంలోనే వచ్చేది.

ఛాయాపురంలో తోలుబొమ్మల తిప్పాంబ పేరు చెబితే పసిపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. ఇసుకతిన్నె చివర పెద్ద పాక. లోపల వెన్ను వంగిన ముసలామె ఒళ్ళో ఒక తోలుబొమ్మ పెట్టుకొని సన్నని కత్తితో దాని చుట్టూ కోస్తోంది. వచ్చినవాళ్ళు ఎవరో, ఎందుకొచ్చారో చివరిదాకా విని, కోయడం మాత్రం ఆపలేదు.

"నా బొమ్మలు చూస్తావా పాపా? చూడు, ఎవరొద్దన్నారు," అంది. కోసిన బొమ్మను తెల్లతెర ముందు పెట్టి ఆడించింది. చేటలో ధాన్యం మోస్తున్న రైతు. "ఈయన ఇప్పుడు సంతకు పోతా ఉండాడు." బొమ్మను గిరుక్కున వెనక్కి తిప్పేసింది. రంగులు రెండువైపులా ఒక్కలాగే ఉన్నాయి. "ఇప్పుడు సంతనుంచి వస్తా ఉండాడు. తెర తిరగదు కదా పాపా. బొమ్మనే తిప్పుకోవల్ల."

"మా దగ్గర బొమ్మ బట్టను విడిచి రాదవ్వా," అంది కురంగి. "బట్టకు కత్తి తగిలితే కథ తెగిపోయినట్టే అంటారు మా గురువుగారు."

"మాకు కత్తి తగలకుంటే కథే మొదలు కాదు," అని తిప్పాంబ పళ్ళులేని నోటితో నవ్వింది. "యాడ, నీ బట్ట చూపీ."

కురంగి చుట్ట విప్పి నేలమీద పరిచింది.  యువరాజుకూ గుహకూ మధ్య బెత్తెడు చోటు మాత్రమే మిగిలి ఉంది.

"ఇక చూసింది చాలు తల్లీ, వెయ్యి," అన్నాడు గండయ్య. 

కురంగి ఎడమ అంచున కుంచె ఆనించింది.  ఎవరు వెళ్ళి ఒకరిని వెనక్కి తీసుకొస్తారు? కత్తి పట్టినవాళ్ళు చంపడానికి వెళతారు. దూతలు కబురు చెప్పడానికి వెళతారు. తప్పిపోయినదాన్ని ఇంటికి తోలుకురావడానికే వెళ్ళేవాళ్ళెవరు? అప్పుడామెకు చిన్నతనంలో తమ పేటలో సాయంకాలాలు వినబడే కేకలు జ్ఞాపకమొచ్చాయి. మందతో రాని దూడ కోసం చీర ఎగదోపుకొని, ముళ్ళకంపల్లోకి, వాగుల్లోకి తిట్టుకుంటూ దిగిపోయే ఆడవాళ్ళు. ఆ తిట్లలో ఎంత కోపముండేదో అంత బెంగ ఉండేది. రాజులూ దేవతలూ నిండిన పటాల్లో అలాంటి మనిషికి ఎవరూ ఎన్నడూ చోటివ్వలేదు.

ముందు పాదాలు వేసింది. పగిలిన మడమలు, వెడల్పు వేళ్ళు, బురద. తర్వాత ఎగదోపిన ఎర్రచీర, భుజాన పలుపుతాడు, చేతిలో పశువుల్ని అదిలించే చిల్లకట్టె. ఈ మనిషికి కోపం ఎప్పుడొస్తుందో ఇప్పుడు కురంగికి బాగా తెలుసు. పొద్దుగూకినా ఇల్లు చేరనివాళ్ళ మీద వస్తుంది. కనుబొమలు ముడిపడినట్టు వేసి, కుంచె ఎత్తి, "ఎర్రక్కా," అని పేరు పెట్టి పిలిచింది.

బట్టలోని మనిషి తుమ్మింది.

"యాడ సచ్చినాడు వాడు?" అని దోమ రొదంత గొంతుతో అడిగి, జవాబు కోసం ఆగకుండా చరచరా నడిచింది. గండయ్య ఆనందం పట్టలేక తన తలపాగా తీసి తిప్పాంబ తలమీద పెట్టాడు. ఎర్రక్క గుహ దగ్గరికి చేరి, పలుపుతాడు విసిరి, యువరాజు నడుముకు ముడేసింది.

"ఏం నాయనా, ఎవరికీ చెప్పకుండా ఇంతదూరం వస్తారా? ఇంట్లో అన్నాలు చల్లారిపోతా ఉండాయి. పా, ఇంటికి."

యువరాజు అరిందముణ్ణి ఆ గొంతుతో ఇంతవరకూ ఎవరూ పిలవలేదు. ఆశ్చర్యంతో నోరు తెరిచాడు గానీ నడక ఆగలేదు. ఎర్రక్క వెనక్కి తిరగబోయింది. నడుము తిరిగింది, తల తిరిగింది. పాదాలు తిరగలేదు.

మళ్ళీ ప్రయత్నించింది. మడమలు పాతుకొని తాడు బిగలాగింది. పాదాలు మాత్రం గుహవైపే చూస్తున్నాయి. యువరాజు లాగుతుంటే ఆమె కూడా అంగుళం అంగుళం జారుతోంది.

కురంగి చేతిలో కుంచె కిందపడింది. "నేనే చంపాను," అంది.

ఆమె చేసిన పొరపాటు పటచిత్రకారులు తప్ప ఇంకెవరూ చేయరు. వాళ్ళ పటాలు ఎడమనుంచి కుడికి విప్పుతూ కథ చెబుతారు కనుక బొమ్మ ఏదైనా, అది ఎటు చూస్తున్నా, పాదాలు మాత్రం కథ నడిచే దిక్కుకే వేస్తారు. కుంచె పట్టిన మొదటిరోజునుంచీ ఆమె చెయ్యి అలాగే అలవాటుపడింది. మనిషిని కొత్తగా పుట్టించింది, పాదాల్ని పాత అలవాటు చొప్పునే వేసింది. ఎర్రక్క వెళ్ళగలదు, రాలేదు. ఆరిన రంగు దిద్దడానికి లేదు, ఇంకొక మనిషిని వేయడానికి వ్యవధీ లేదు.

సరిగ్గా అప్పుడే వాకిట్లో, "తోళ్ళు కొంటారా అమ్మా, లేత మేకతోళ్ళు," అని కేక వినిపించింది.

తిప్పాంబ తలుపు సందులోంచి చూసింది. పొడవాటి మనిషి, భుజాన పచ్చితోళ్ళ మోపు, కుడిచేతికి పెద్ద గుడ్డకట్టు. ఆమె తలుపు మూసి గడియపెట్టింది.

"తోలు పచ్చిగా ఉంది, ఒక్క ఈగ వాలలే," అంది గుసగుసగా. "ఆ మాయదారోడు వాడే."

గండయ్య వెళ్ళి తలుపుకు వీపు ఆనించాడు. ఆ వీపు తలుపుకంటే కొంచెం వెడల్పే. బయట నవ్వు వినిపించింది, ఆ వెంటనే ఏనుగు కుమ్మినట్టు పాకంతా అదిరింది.

"ఎంతసేపు ఆపమంటావు, తల్లీ?" అని పళ్ళు బిగబట్టి అడిగాడు.

 కురంగి తెరమీద ఆనించి ఉన్న రైతు బొమ్మను చూస్తోంది. సంతకు పోతున్నాడు, సంతనుంచి వస్తున్నాడు. తెర తిరగదు.

"అవ్వా, ఆముదం ఉందా?"

ముసలామెకు రెండోమాట అక్కర్లేకపోయింది. గిన్నె తెచ్చి బొమ్మలమీద ఆముదం ధారగా పోసి చేత్తో రుద్దింది. బట్టలోకి నూనె ఇంకుతుంటే రంగులు వెనకవైపుకు తేటగా తేలాయి. కోసేందుకు తన సన్నకత్తిని కురంగి చేతిలో పెట్టింది.

"గీత తెగితే వాళ్ళ ఒళ్ళు తెగుతుంది. తాడు తెగితే అంతే సంగతులు. ఊపిరి బిగబట్టుకో పాపా."

కత్తి మొదటిసారి బట్టలో దిగినప్పుడు కురంగికి తన చెయ్యి తానే కోసుకుంటున్నట్టు అనిపించింది. నేర్పిన గురువుగారు ఎదురుగా ఉంటే మొహం చూపించగలిగేది కాదు. అయినా కోసింది. ఎర్రక్క మడమల చుట్టూ, చిల్లకట్టె వెంబడి, దారమంత సన్నని పలుపుతాడుకు ఇటూ అటూ, యువరాజు జుట్టు చుట్టూ, చెవి చుట్టూ, ముందుకు చాచిన కాలి చుట్టూ. ఆ కాలి బొటనవేలు గుహ అంచున నల్లగా మారబోతోంది. తలుపు చెక్క ఒకటి విరిగి గండయ్య పక్కటెముకలకు తగిలింది. ఆయన తిట్టిన తిట్టు ఇక్కడ రాయలేం.

చివరి కోత పూర్తికాగానే ఇద్దరూ తాడుతో సహా ఒక్క ముక్కగా ఊడివచ్చారు. కురంగి ఆ ముక్కను బోర్లా తిప్పింది. ఇప్పుడు వాళ్ళ పాదాలు ఎడమ అంచువైపు ఉన్నాయి. తిప్పాంబ వెనక చింతగింజల జిగురు పులిమింది. గుహకు దూరంగా, బయటి దారికి దగ్గరగా అంటించి అరచేత్తో అదిమింది.

కురంగి కళ్ళు మూసుకుంది. చూసే ధైర్యం లేకపోయింది.

"నడుస్తాండారు," అంది తిప్పాంబ మెల్లగా. "కళ్ళు తెరువు పాపా. ఇంటికి వస్తా ఉండారు."

ఎర్రక్క చరచరా యువరాజును దాటి ముందుకొచ్చింది. ఎడమ అంచునుంచి ముందు పగిలిన మడమల పాదం ఒకటి బయటికొచ్చి పాక నేలమీద దిగింది. తర్వాత ఎర్రచీర, తర్వాత తాడు. ఆ తాడు చివర మణికూట రాజ్య యువరాజు అరిందముడు, నిలువెత్తు మనిషి, ఆముదం కారుతూ బయటికొచ్చి పడ్డాడు. కురంగి కూలబడి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. ఎన్ని ఊళ్ళనుంచి మోసుకొచ్చిన భయమో, అంతా ఆ ఏడుపులో పోయింది.

ఆ సంతోషం పూర్తిగా అనుభవించనివ్వకుండా తలుపు ముక్కలై, గండయ్య వెల్లకిలా పడ్డాడు. వక్రనఖుడు నిజరూపంతో లోపలికొచ్చాడు. నిప్పుకణికల్లాంటి కళ్ళు, పాములు చుట్టుకున్నట్టు జడలు, ఒంటినిండా బూడిద. గుడ్డకట్టు ఊడిన కుడిచేతికి కొడవలిలా వంగిన నల్లగోరు. తన బందీ నేలమీద నిలబడి ఉండటం చూశాడు. ఆ గోటిని ఎడమచేత్తో పుటుక్కున విరిచి, యువరాజు గుండెకు గురిపెట్టి విసిరాడు.

గోరు యువరాజు ఎడమరొమ్ములో దిగబడింది. ఆయన అలాగే వెనక్కి పడిపోయాడు.

 కురంగి పాకుతూ వెళ్ళి ఆయన ఎడమరొమ్ము మీద చెవి పెట్టింది. చప్పుడు లేదు. మళ్ళీ పెట్టింది. లేదు. గండయ్య పడినచోటే పడుండి భోరుమన్నాడు. వక్రనఖుడు తృప్తిగా తలాడించాడు.

"జరుగు పాపా," అని ఎర్రక్క ఆమెను పక్కకు తోసి, తానూ వంగి చెవి పెట్టింది. అది కుడిరొమ్ము. ఎందుకంటే తాడు పట్టుకొని ఆమె నిలబడ్డది ఆ వైపే. కాసేపు విని, "ఇదేంది, ఈ పక్క దబదబా కొట్టుకుంటాంది?" అంది.

యువరాజు కళ్ళు తెరిచి దగ్గాడు. ఎడమచేత్తో, ఎన్నడూ లేని చాకచక్యంతో, రొమ్ములోని గోటిని పీకి విసిరేశాడు. రక్తం వచ్చింది గానీ ప్రాణం మీదికి రాలేదు. బొమ్మను బోర్లా తిప్పినప్పుడు కుడి ఎడమయింది, ఎడమ కుడయింది. దాంతోపాటు గుండె కూడా ఈ పక్కనుంచి ఆ పక్కకు వెళ్ళింది.

ముందు తిప్పాంబ నవ్వింది. తర్వాత గండయ్య, ఏడుపు ఇంకా ఆగకుండానే. తర్వాత కురంగి. వక్రనఖుడు ఒక్కడే నవ్వలేదు. గోరు లేని మాంత్రికుడు కోరలు పీకిన పాము. ఇక గీయలేడని వాడికి తెలిసిపోయింది. వాడి చూపు నేలమీద పరచి ఉన్న బట్టపైకి పోయింది. గుహ పక్కన యువరాజు ఆకారంలో కంత ఉంది, తాను గీసిన ఆ రూపపు అంచు చెక్కుచెదరలేదు. వాడు ఒక్క ఉదుటున బట్ట లాక్కొని, ఆ కంతలో తలదూర్చి ఒంటిమీదికి లాక్కున్నాడు. బట్టలోంచి బయటికొచ్చింది వక్రనఖుడు కాదు. అచ్చంగా అరిందముడు. వాడు విరిగిన తలుపులోంచి దూకి, గండయ్య గుర్రమెక్కి, ఇసుక రేపుకుంటూ మణికూటం దారి పట్టాడు.

గండయ్య రెండడుగులు పరుగెత్తి ఆగిపోయాడు. వెనక్కి తిరిగి తన ప్రభువును పరీక్షగా చూశాడు. 

"ప్రభూ, తమ పుట్టుమచ్చ కుడిచెంప మీద కదా ఉండాలి."

యువరాజు చెంప తడుముకున్నాడు. మచ్చ ఎడమచెంప మీద ఉంది. ఇప్పుడు వెళ్ళినవాడికి కుడిచెంప మీద ఉంది. కోటలో మహారాణికి తెలిసినదీ, సేనలకు తెలిసినదీ కుడిచెంప మచ్చే.

"నన్ను క్షమించండి, ప్రభూ," అంది కురంగి. "నిజమైన మిమ్మల్ని అబద్ధంలా చేసేశాను."

"ఊపిరి పీలుస్తున్నాను కదా, చాలు," అన్నాడు అరిందముడు. ఎండలోకి ముఖం పెట్టి గుండెలనిండా గాలి పీల్చుకున్నాడు, ఛాయాపురపు వాసనతో సహా. "ఆ చీకటి గుహ ముందు ఎన్నాళ్ళు నడిచానో నాకే తెలుసు. ఏ చెంప నాదో కోటలో వాదించుకుందాం. వాదించడానికి బతికున్నాను."

"వాదనేంది?" అంది ఎర్రక్క. అప్పటికే పలుపుతాడు విప్పి, చుట్టచుట్టి, భుజాన వేసుకుంది. కనుబొమలు ముడిపడి ఉన్నాయి. "ఆ గుర్రమెక్కి పోయినోడు యే ఇంటోడు? వానికీ ఒక అమ్మ ఉంటాది కదా, చూడండి, ఎట్ల తిరుగుతాండాడో. మీరు నిదానంగా రాండి."

ఎవరూ పంపకుండానే, ఏ దిక్కుకో అడగకుండానే ఆమె వాకిలి దాటింది. వేసిన చెయ్యి చెప్పకుండా తన బొమ్మ తానే నడిచిపోతుంటే కురంగి రెప్పవెయ్యడం మరిచి చూసింది. అటువంటి మనిషిని ఆమె ఇంతవరకూ ఎవరి పటంలోనూ చూడలేదు. మాంత్రికుడూ చూడలేదు. చిల్లకట్టె ఝళిపిస్తూ ఎర్రక్క గుర్రపు డెక్కల జాడ పట్టుకొని, తిట్టుకుంటూ, మణికూటం వైపు చరచరా సాగిపోయింది.